స్టేషనే వాడకొస్తే...

"పోలీస్ స్టేషన్ మెట్లెక్కకుండా బతికాం" అని ఇప్పటికీ గొప్పగా చెప్పుకునే పెద్దలు ప్రతి ఇంట్లోనూ ఉంటారు. అలాంటిది ఆ స్టేషనే గల్లీలోకి వచ్చి, కుర్చీలు వేయించి, 'మీ సమస్యలేంటో చెప్పండి' అంటోంది. ఇలాంటి సమావేశాలు కొన్నిచోట్ల ఊళ్లనే నిలబెట్టాయి. మరికొన్నిచోట్ల శాలువా, సమోసా, గ్రూప్ ఫొటోతో ముగిసిపోతున్నాయి. తేడా ఎక్కడొస్తోంది?

1992 డిసెంబరులో బాబ్రీ మసీదు కూల్చివేత తర్వాత ముంబయి మండిపోయింది. ఆ నెలలోనూ, మళ్లీ జనవరిలోనూ చెలరేగిన అల్లర్లలో 900 మంది చనిపోయారని జస్టిస్ శ్రీకృష్ణ కమిషన్ లెక్క తేల్చింది. ముంబయిలో నిప్పు రాజుకుంటే భివండీ మిగలదని అప్పట్లో అందరూ అనుకునేవారు. ఠాణే జిల్లాలోని ఈ మరమగ్గాల ఊళ్లో హిందువులు, ముస్లింలు పక్కపక్కనే బతుకుతారు. 1970 మేలో శివాజీ జయంతి ఊరేగింపు దగ్గర మొదలైన గొడవ పెద్ద మారణకాండగా మారితే విచారణకు జస్టిస్ మదన్ కమిషన్‌ను వేయాల్సి వచ్చింది. 1984 మేలో మళ్లీ అదే కథ. ఈ భివండీ మనకు పరాయి ఊరేం కాదు. తెలంగాణ పల్లెల నుంచి మగ్గాన్ని నమ్ముకుని వలస వెళ్లిన పద్మశాలీలు అక్కడ తరాలుగా ఉంటున్నారు. పద్మానగర్ అనే పేటే ఉంది.

అంత చరిత్ర ఉన్న ఊరు 1992లో మాత్రం అంటుకోలేదు. ఎందుకని ఆరా తీసినవాళ్లకు కనిపించింది అంతకు నాలుగేళ్ల ముందు నుంచీ వాడవాడలా జరుగుతున్న చిన్న చిన్న సమావేశాలు. పోలీసులూ జనమూ ఒకే చాప మీద కూర్చుని మాట్లాడుకునే మొహల్లా కమిటీలు.

బిందెల తగాదా కూడా పోలీసు పనే

సురేశ్ ఖోపడే 1988లో డీసీపీగా భివండీ వచ్చారు. శాంతి కమిటీలన్నవి దేశంలో కొత్తవేం కాదు. పండక్కి ముందు పార్టీల నాయకుల్నీ, సేట్లనీ, మతపెద్దల్నీ స్టేషన్‌కి పిలుస్తారు. చాయ్ తాగి, అంతా ప్రశాంతంగా జరగాలని తలా ఓ మాట చెప్పి వెళ్తారు. గొడవ జరిగిన రోజు వాళ్లలో ఒక్కరూ రోడ్డు మీద కనిపించరు. ఖోపడే ఈ పద్ధతిని పక్కన పెట్టారు. ఊరంతటికీ ఒక కమిటీ కాకుండా పేట పేటకూ ఒకటి చొప్పున 70 దాకా కమిటీలు వేశారు. రెండు మతాల వాళ్లూ ఉండాలన్నది మొదటి షరతు. మగ్గం పనివాళ్లు, చిన్న దుకాణదారులు, రిక్షా తొక్కేవాళ్లు, అంటే గొడవ జరిగితే ముందుగా దెబ్బ తినేవాళ్లు ఉండాలన్నది రెండోది. ఒక్కో కమిటీని చూసుకునే బాధ్యత ఒక పోలీసుది.

ఆ కూర్చోవడాల్లో మతసామరస్యం మీద ఉపన్యాసాలకు పెద్దగా చోటులేదు. నల్లా దగ్గర బిందెల వరస, అద్దె బాకీ, తాగొచ్చి భార్యను కొట్టే మొగుడు, మురిక్కాలువ పొంగి పక్కింట్లోకి రావడం లాంటివే మాటల్లోకి వచ్చేవి. ఇవి చిన్న విషయాలే. కానీ నల్లా దగ్గర కొట్టుకున్న ఇద్దరూ వేర్వేరు మతాల వాళ్లయితే పొద్దున్న మొదలైన తగాదా సాయంత్రానికి రెండు వాడల తగాదా అవుతుంది. రాత్రికి ఎవడో ఒకడు దాన్ని వాడుకుంటాడు. పొద్దున్నే అది తీరిపోతే రాత్రికి వాడుకోవడానికేం మిగలదు. పైగా పదిసార్లు కలిసి కూర్చున్న మనుషుల మధ్య పుకారు నిలబడటం కష్టం. 'అక్కడ మనవాళ్లను కొడుతున్నారట' అని వినగానే అక్కడి వాడిని అడిగి కనుక్కునే చనువు ఉంటుంది.

ఇందులో చాలామంది మర్చిపోయే సంగతి ఒకటుంది. 1992 డిసెంబరు నాటికి ఖోపడే భివండీలో లేరు. బదిలీ అయ్యారు. తర్వాత వచ్చిన గులాబ్‌రావ్ పోళ్ ఆ కమిటీలను అటకెక్కించకుండా నడిపించారు. 'ఇది ఆ సారు పెట్టింది, నాకెందుకు' అని ఆయన అనుకుని ఉంటే భివండీ కథ వేరేలా ఉండేది. ముంబయి తగలబడితే భివండీ ఎందుకు తగలబడలేదన్న ప్రశ్ననే పేరుగా పెట్టి ఖోపడే ఆ తర్వాత మరాఠీలో పుస్తకం రాశారు. 1994లో మాజీ కమిషనర్ జూలియో రిబెరో, అప్పటి కమిషనర్ సతీశ్ సహానీ, సామాజిక కార్యకర్త సుశోభా బర్వే చేతులు కలిపి ముంబయిలోనూ మొహల్లా కమిటీలకు ప్రాణం పోశారు.

'ఎవరికైనా సమస్యలుంటే చెప్పండి!'

మన దగ్గర ఇలాంటి సమావేశాలకు పేర్లు బోలెడు. ఉమ్మడి రాష్ట్రంలో మైత్రీ సంఘాలుండేవి. తెలంగాణ వచ్చాక 'ఫ్రెండ్లీ పోలీసింగ్' అన్నారు. ఆదిలాబాద్, ఆసిఫాబాద్ వైపు గూడేలకు వెళ్లి 'పోలీసులు మీకోసం' నిర్వహిస్తారు. ఆంధ్రాలో ఎస్సైలు రాత్రికి ఊళ్లోనే మకాం వేసి 'పల్లెనిద్ర' చేశారు. 2019లో గ్రామ, వార్డు సచివాలయాలు వచ్చాక మహిళా పోలీసులనూ అక్కడే కూర్చోబెట్టారు.

పేరేదైనా బస్తీలో జరిగే సభ తీరు మాత్రం దాదాపు ఒక్కటే. సాయంత్రం ఏడింటికని చెబుతారు, ఎనిమిదికి మొదలవుతుంది. కమ్యూనిటీ హాలు ముందు ఫ్లెక్సీ, నాలుగు వరసల ప్లాస్టిక్ కుర్చీలు. మొదటి వరస కార్పొరేటర్‌కీ, కాలనీ సంఘం ప్రెసిడెంట్‌కీ. పోలీసు కళాబృందం డప్పు కొట్టి రెండు పాటలు పాడుతుంది. తర్వాత ఇన్‌స్పెక్టర్ మైకు అందుకుంటారు. హెల్మెట్ పెట్టుకోండి, ఓటీపీ ఎవరికీ చెప్పొద్దు, సైబర్ మోసం జరిగితే వెంటనే 1930కి ఫోన్ చేయండి, ఊరెళ్తే పక్కింటివాళ్లకు చెప్పి వెళ్లండి, గల్లీకి నాలుగు సీసీ కెమెరాలు పెట్టుకోండి. అన్నీ పనికొచ్చే మాటలే. ముప్పావుగంట గడిచాక 'ఎవరికైనా సమస్యలుంటే చెప్పండి' అంటారు. అప్పటికి పిల్లలు నిద్రకొచ్చి ఉంటారు, సమోసాలు వచ్చి ఉంటాయి. ఎవరూ లేవరు.

ఒక్కోసారి వెనక నుంచి ఓ గొంతు లేస్తుంది. "సార్, మా గల్లీ మూలమీద స్తంభానికి బుగ్గ ఎలగక రెండు నెలలాయె. చీకట్ల పోరగాండ్లు బండ్ల మీద కూసొని తాగుతున్నరు. మా పిల్ల ట్యూషన్ నుంచి రావాలంటే రోజూ నేనే ఎదురువోతున్న."

దీనికి రెండు రకాల జవాబులున్నాయి. "లైటు మా పరిధి కాదమ్మా, మున్సిపాలిటీ వాళ్లకి చెప్పుకోవాలి" అన్నది మొదటిది. చట్టప్రకారం అదీ నిజమే. కానీ ఆ తల్లి మళ్లీ ఏ సభకూ రాదు. రెండోది, పక్కనున్న కానిస్టేబుల్ చిన్న పుస్తకం తీసి "స్తంభం నంబరెంతమ్మా?" అని అడగడం. నంబరు రాసుకుని, మర్నాడు లైన్‌మన్‌తో మాట్లాడి, వారం రోజులు రాత్రి తొమ్మిదింటికి బ్లూకోల్ట్స్ గస్తీ బండిని ఆ మూల మీదుగా తిప్పితే చాలు. ఖర్చు లేదు, కొత్త చట్టం అక్కర్లేదు. వచ్చే సభకు ఆవిడ తనతోపాటు ఇంకో నలుగురిని తీసుకొస్తుంది. ఆ నలుగురిలో ఒకరికి పక్క వీధిలో గంజాయి ఎవరు అమ్ముతున్నారో తెలిసి ఉంటుంది. బుగ్గ సంగతి పట్టించుకున్నవాడికే గంజాయి సంగతి చెబుతారు.

షికాగోలోనూ చెత్త గొడవే

ఈ సంగతి పెద్ద ఎత్తున రుజువైంది అమెరికాలోని షికాగోలో. తుపాకులకూ, ముఠాలకూ పేరుపడ్డ ఆ నగరంలో 1993 ఏప్రిల్‌లో అయిదు పోలీసు జిల్లాల్లో ప్రయోగంగా ఓ పథకం మొదలెట్టి తర్వాత నగరమంతా విస్తరించారు. నగరాన్ని 279 బీట్లుగా చూసి, బీట్ బీట్‌లోనూ నెలనెలా జనంతో సమావేశం పెట్టారు. చర్చి హాళ్లలో, బడుల్లో, పార్కు భవనాల్లో కూర్చునేవారు. ఆ బీట్‌లో రోజూ తిరిగే పోలీసులే రావాలన్నది నియమం.

నార్త్‌వెస్టర్న్ యూనివర్సిటీకి చెందిన వెస్లీ స్కోగన్ బృందం ఏళ్ల తరబడి ఆ సమావేశాల్లో కూర్చుని రాసుకుంది. మాదకద్రవ్యాల అమ్మకాల గురించి జనం బాగానే మాట్లాడారు. దాంతోపాటే వదిలేసిన కార్లు, గోడల మీద రాతలు, పాడుబడ్డ ఇళ్లు, చెత్త పదేపదే చర్చకొచ్చాయి. షికాగో చేసిన తెలివైన పనల్లా 'అది మా శాఖ కాదు' అనకపోవడం. పోలీసు రాసిచ్చిన వినతి నేరుగా పారిశుద్ధ్యం, వీధి దీపాల విభాగాలకు వెళ్లేది. వాటికి ప్రాధాన్యం ఇచ్చి పని పూర్తి చేసేవారు.

నేరాలు ఎక్కువగా ఉన్న నల్లజాతి పేటల్లోనే జనం బాగా వచ్చారు. స్పానిష్ మాట్లాడే వలస కుటుంబాలు మాత్రం దూరంగానే ఉండిపోయాయి. భాష రాకపోవడం, కాగితాల భయం వాళ్లను గడప దాటనివ్వలేదు. సొంతిల్లున్నవాళ్లు వచ్చినంతగా అద్దెకున్నవాళ్లు రాలేదు. తర్వాతి ఏళ్లలో నిధులూ సిబ్బందీ తగ్గడంతో ఆ సమావేశాలే పలచబడ్డాయి. అంత పేరున్న పథకం కూడా ఎప్పటికప్పుడు పోషించకపోతే నిలబడదని షికాగో చెప్పిన రెండో పాఠం.

తలుపు తట్టే బీట్ ఆఫీసర్

కేరళ ఇంకో దారి పట్టింది. సభ పెట్టి జనాన్ని రమ్మనడం కాదు, ముందు పోలీసే ఇంటింటికీ వెళ్లాలంది. జస్టిస్ కె.టి.థామస్ కమిషన్ సూచనల ఆధారంగా 2008లో 20 స్టేషన్లలో 'జనమైత్రి సురక్ష' మొదలైంది. ఒక్కో బీట్‌లో సుమారు 500 ఇళ్లు. బీట్ ఆఫీసర్ అన్ని ఇళ్ల తలుపులూ తట్టాలి. ఒంటరిగా ఉండే ముసలివాళ్లెవరో, పిల్లలు గల్ఫ్‌లో ఉన్నదెవరికో, వలస కూలీలు ఎక్కడుంటున్నారో అతనికి తెలియాలి. నెలకోసారి స్టేషన్ పరిధిలోని సమితి కూర్చుంటుంది.

తర్వాత కేరళ చేసిన పని ఇంకా ముఖ్యం. 2011లో తెచ్చిన పోలీసు చట్టంలో ఈ సంప్రదింపుల కమిటీలకు 64వ సెక్షన్‌లో చోటిచ్చింది. కమిటీ అధికారి దయ మీద ఆధారపడకుండా చట్టంలోకి ఎక్కింది. మన రెండు రాష్ట్రాల్లో వచ్చిన పేర్లు గుర్తు చేసుకోండి. వాటిలో ఎక్కువ భాగం ఒక కమిషనరో, ఒక ఎస్పీయో ఉత్సాహంతో మొదలెట్టినవి. ఆ అధికారి బదిలీతోపాటే ఫ్లెక్సీ కూడా చిరిగిపోతుంది. కొత్త సారు కొత్త పేరు పెడతారు.

రెండు పండగలు, ఒక రోడ్డు

అలాగని మన దగ్గర ఫలించిన ఉదాహరణలు లేకపోలేదు. 2023 సెప్టెంబరు 28న హైదరాబాద్‌లో గణేశ్ నిమజ్జనమూ మిలాద్-ఉన్-నబీ ఒకే రోజు వచ్చాయి. రెండు ఊరేగింపులకూ పాతబస్తీ రోడ్లే దారి. పోలీసులకు అంతకన్నా పెద్ద పరీక్ష ఉండదు. సంప్రదింపులు జరిగాక ముస్లిం పెద్దలు మిలాద్ ఊరేగింపును అక్టోబరు 1కి మార్చుకున్నారు. 2024లో మళ్లీ రెండూ పక్కపక్క రోజుల్లో వస్తే ఊరేగింపును సెప్టెంబరు 19కి జరుపుకున్నారు. ఏ జీవో ఇచ్చినా ఇది జరిగేది కాదు. అడిగేవాడి మాట మీద గురి, ఒప్పుకునేవాడికి తనవాళ్ల దగ్గర పలుకుబడి ఉంటేనే ఇలాంటివి కుదురుతాయి. ఆ గురి పండగ ముందు వారంలో పుట్టదు.

వాలంటీరు చేతికి లాఠీ

ఇక రెండో వైపు చూద్దాం. తమిళనాడులో 1993లో రామనాథపురంలో 'ఫ్రెండ్స్ ఆఫ్ పోలీస్' మొదలైంది. ఊళ్లోని యువకుల్ని పోలీసులకు తోడుగా తీసుకోవాలన్నది ఆలోచన. రాష్ట్రమంతా పాకింది, పేరూ తెచ్చుకుంది. 2020 జూన్‌లో, లాక్‌డౌన్ రోజుల్లో, తూత్తుకుడి జిల్లా సాత్తాన్‌కుళంలో దుకాణం వేళ దాటి తెరిచారంటూ తీసుకెళ్లిన తండ్రీకొడుకులు కస్టడీలో హింసకు గురై చనిపోయారు. అందులో ఈ వాలంటీర్ల చెయ్యి కూడా ఉందన్న ఆరోపణలు రావడంతో జులైలో ప్రభుత్వం ఆ సంస్థనే నిషేధించింది. ఆరోపణల నిజానిజాలు ఎలా ఉన్నా పాఠం తేటతెల్లమే. జనం తరఫున పోలీసుని అడగడానికి వచ్చినవాడు పోలీసు తరఫున జనాన్ని అడిగేవాడు కాకూడదు.

మన బస్తీల్లోనూ ఈ ప్రమాదం ఉంది. కమిటీ మెంబరు గుర్తింపు కార్డు మెడలో వేసుకుని, ఇన్‌స్పెక్టర్‌తో దిగిన ఫొటో వాట్సప్ స్టేటస్‌లో పెట్టుకుని, స్థలాల సెటిల్‌మెంట్లకు బయల్దేరే మనుషులు ఏ ఊళ్లోనైనా దొరుకుతారు. కెమెరాలకని చందా వసూలు చేసి లెక్క చూపనివాళ్లూ ఉంటారు. పోలీసుకు తెలిసినవాడు కావడమే పెట్టుబడి అయిన చోట సమావేశం జనానికి ఇంకో భయం తెచ్చిపెడుతుంది.

పేరు చూసి మోసపోకూడని చోటు మరొకటుంది. తెల్లవారుజామున వందమంది పోలీసులు బస్తీని చుట్టుముట్టి, ఇల్లిల్లూ సోదా చేసి, కాగితాల్లేని బళ్లను పట్టుకెళ్లే కార్డన్ సెర్చ్‌కి తెలంగాణలో పోలీసులు పెట్టుకున్న పేరు 'కమ్యూనిటీ కాంటాక్ట్ ప్రోగ్రాం'. పౌరహక్కుల సంఘాలు దీన్ని గట్టిగా ప్రశ్నిస్తూ వచ్చాయి. గేటెడ్ కమ్యూనిటీకి వెళ్లినప్పుడు పోలీసు క్లబ్‌హౌస్‌లో ప్రజెంటేషన్ ఇస్తాడు, బస్తీకి వెళ్లినప్పుడు బీరువా తెరవమంటాడు. రెండూ ఒకే ఖాతాలో రాస్తే ఎలా?

భివండీని కూడా మరీ ఆకాశానికెత్తనక్కర్లేదు. 2006 జులైలో అదే ఊళ్లో, శ్మశానం పక్కన పోలీస్ స్టేషన్ కట్టే స్థలం మీద వివాదం రేగింది. పోలీసు కాల్పుల్లో ఇద్దరు చనిపోయారు. గుంపు ఇద్దరు కానిస్టేబుళ్లను చంపేసింది. 1992లో నిలబడిన ఊరే పద్నాలుగేళ్ల తర్వాత తడబడింది. ఒకసారి సంపాదించుకున్న నమ్మకం వారసత్వంగా రాదు, నెలనెలా కూర్చుని నిలబెట్టుకోవాల్సిందే.

ఎవరు రాలేదో చూడండి

అనుభవాలన్నీ పక్కపక్కన పెట్టి చూస్తే మంచి సమావేశాన్ని గుర్తుపట్టడం కష్టమేం కాదు. అందులో ముందు జనం మాట్లాడతారు, పోలీసు చివర మాట్లాడతాడు. వేదిక ఉండదు, ఉన్నా ఖాళీగా ఉంటుంది. వచ్చినవాళ్లను లెక్కపెట్టడంతో ఆగకుండా రానివాళ్లెవరో చూస్తారు. అద్దెకుండేవాళ్లు, బిహార్, ఒడిశా నుంచి వచ్చిన కూలీలు, ఇళ్లలో పనిచేసే ఆడవాళ్లు, తోపుడుబండ్లవాళ్లు సంఘం ప్రెసిడెంట్ జాబితాలో ఎప్పుడూ ఉండరు. నేరమైనా, పోలీసు వేధింపైనా ముందు తగిలేది వాళ్లకే. ఆడవాళ్లు మగవాళ్ల ముందు చెప్పుకోలేనివి చాలా ఉంటాయి కాబట్టి వాళ్లకు వేరే వేళ, మహిళా అధికారి ముందు కూర్చునే వీలు కావాలి.

అన్నిటికంటే ముఖ్యమైనది రిజిస్టరు. పోయినసారి ఏం అడిగారు, ఎవరు చేస్తామన్నారు, చేశారా లేదా? సభ మొదలవగానే ఇది చదవాలి. చేయలేకపోతే ఎందుకు చేయలేదో చెప్పాలి. ఈ పావుగంట లేని సభకు ఎంత పెద్ద అధికారి వచ్చినా మొక్కుబడే. పోలీసులకూ ఇది లాభమే. స్టేషన్‌లో ఉన్నది కొద్దిమంది సిబ్బంది. బందోబస్తులకూ, కోర్టు వాయిదాలకూ తిరిగాక గల్లీ చూసే తీరిక వాళ్లకు మిగలదు. ఆ లోటు తీర్చేది గల్లీలో ఉండే జనమే.

మీ వాడలో సభ ఉందా?

• ఒక్క సమస్యతో వెళ్లండి. చోటు, వేళ, స్తంభం నంబరు, బండి నంబరు లాంటి వివరాలు రాసుకుని వెళ్తే తప్పించుకోవడం ఎవరికైనా కష్టం.

• చెప్పింది రిజిస్టర్‌లో రాయించండి. ఎవరు, ఎప్పటిలోగా చేస్తారో అడగండి. రాయకపోతే మీరే ఫోన్‌లో రాసుకుని వచ్చే సభలో చదవండి.

• మీమీద నేరం జరిగితే సభలో చెప్పి ఊరుకోవద్దు. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 173వ సెక్షన్ ప్రకారం కాగ్నిజబుల్ నేరంపై (అంటే పోలీసులు వారెంటు లేకుండానే అరెస్టు చేయగల నేరంపై) ఏ స్టేషన్‌లోనైనా ఫిర్యాదు ఇవ్వొచ్చు. ఎఫ్‌ఐఆర్ కాపీ ఉచితంగా ఇవ్వాలి. కమిటీ రాజీ దానికి ప్రత్యామ్నాయం కాదు.

• కెమెరాలకు చందా ఇస్తే రసీదు తీసుకోండి. రికార్డింగ్ ఎవరి దగ్గర ఉంటుందో, ఎవరు చూడొచ్చో అడగండి.

• మీ ఇంట్లో పనిచేసే మనిషినీ, పై పోర్షన్‌లో అద్దెకున్న కుర్రాణ్నీ వెంటబెట్టుకు వెళ్లండి.

పోలీసును పిలిచి మాట్లాడించడం వల్ల వచ్చే లాభం తక్కువ, పోలీసు మన మాట వినేలా చేయడం వల్ల వచ్చేదే ఎక్కువ. ఇందుకు భివండీ నుంచి షికాగో దాకా సాక్ష్యాలున్నాయి. రెండు ప్రభుత్వాలూ చేయాల్సిన పని ఒక్కటే. కేరళ తరహాలో ఈ సమావేశాలను చట్టంలో రాసి, బదిలీలతో పోకుండా చూడటం. ఆ చట్టం వచ్చేదాకా ఆగక్కర్లేదు. ఈసారి మీ వాడలో సభ జరిగితే ముందు వరసలో కూర్చోండి. సమోసాలు రాకముందే లేచి, "పోయినసారి చెప్పిన పని ఏమైంది సార్?" అని మర్యాదగా అడగండి.